మెదడు చిత్రములు: వాని చరిత్ర, వాని హద్దులు

మనుష్యుని దేహమున మెదడువలె దాగియున్న అవయవము మరియొకటి లేదు. గుండె కొట్టుకొనుట చేతికి తెలియును. ఊపిరి తీయుట కంటికి కనబడును. కడుపులోని గడ్డ నొక్కి చూచిన వైద్యునకు కొంతవరకైనను తెలియును. మెదడు మాత్రము ఎముకల పెట్టెలో నుండి, చూపునకును స్పర్శకును అందక, తన పని తాను చేసికొనుచుండును. అందుచేతనే మెదడు వ్యాధులను గూర్చి లోకమున ఊహ హెచ్చు, ఎరుక తక్కువ. మూర్ఛ వచ్చి పడిన బిడ్డను చూచి మనవారు గాలి సోకినదనిరి. మన మరాఠీ ఇరుగుపొరుగువారు బాహేర్‌చీ బాధా అనిరి. చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట, ముక్కువద్ద ఉల్లిపాయ చితుకగొట్టి పెట్టుట ఇరుభాషలవారికిని సమానమే. ఆయుర్వేద గ్రంథములు మాత్రము ప్రాచీన కాలముననే దీనిని అపస్మారమని పేర్కొని వ్యాధులలోనే లెక్కించినవి.

మన కర్ఖేలి మీదుగా పోవు రైలుదారి ఈ చరిత్రకు ఒక సాక్షి. మన్మాడునుండి సికిందరాబాదునకు పోవు ఈ దారి నిజాము రాజ్యమున 1901 నాటికి నడకలోనికి వచ్చినది. ఈ దారిమీదనే జాల్నా పట్టణము కలదు. హైదరాబాదు సంస్థానపు మానసిక చికిత్సాలయము ఒకప్పుడు జాల్నాలో ఉండెను. 1953లో అది హైదరాబాదునందలి ఎర్రగడ్డకు తరలెను. కనుక మన ప్రాంతపు కుటుంబములు తమ రోగిని వెంటబెట్టుకొని మొదట జాల్నా వైపు బండిని, పిమ్మట సికిందరాబాదు వైపు బండిని ఎక్కవలసివచ్చెను. 1956 నవంబరు 1న మన నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1న మహారాష్ట్రమున భాగమయ్యెను. ఎర్రగడ్డ మరియొక రాష్ట్రపు ఊరయ్యెను. రాష్ట్రములు మారినను రైలుదారి మారలేదు, రోగియు మారలేదు. జాల్నాలోగాని, తొలినాటి ఎర్రగడ్డలోగాని, బ్రతికియున్న మనుష్యుని మెదడు పదార్థమును పుర్రె తెరవకయే చూడగల సాధనము వైద్యుని చేతిలో లేదు. అప్పటికి లోకమున ఎక్కడను లేదు.

నేడు స్థితి వేరు. నాందేడు, నిజామాబాదులవంటి పట్టణములలోను స్కాను యంత్రములున్నవి. రోగిని తీసికొనిపోయినవారు మొదట అడుగు ప్రశ్న, స్కాను తీయించితిరా అనునదే. స్కానులో ఏమియు లేదన్నచో జబ్బు లేదనియు, ఏదో మచ్చ ఉన్నదన్నచో అదే జబ్బనియు మన కుటుంబములలో ఒక నమ్మకము స్థిరపడినది. ఈ రెండు నమ్మకములును పూర్తిగా సరియైనవి కావు. ఇది ఎట్లో చరిత్ర చెప్పును. ఆ చరిత్రనే మేము ఇక్కడ క్లుప్తముగా వివరింపబూనితిమి.

1895 నవంబరు 8న జర్మనీదేశమున రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. చేతి ఎముకలు, విరిగిన కాళ్లు, దేహమున దిగిన గుండ్లు ఇట్టివన్నియు ఆ కిరణములకు కనబడెను. మెదడు మాత్రము కనబడలేదు. ఎక్స్‌రే పటమున పుర్రె తెల్లగా కనబడునే గాని, దానిలోపలి మెత్తని పదార్థమంతయు ఒకే మబ్బువలె నుండును. ఈ చిక్కును దాటుటకై అమెరికాలో బాల్టిమోరు నగరపు శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1918లో ఒక ఉపాయము పన్నెను. మెదడు నడుమ నీటితో నిండిన గదులు కలవు. ఆ నీటిని కొంత తీసి గాలిని నింపినచో, గాలి ఎక్స్‌రేలో నల్లగా కనబడును. గదులు ఒకవైపు ఒరిగియున్నచో రెండవవైపు గడ్డ యున్నదని ఊహింపవచ్చును. 1919లో వెన్ను క్రిందనుండి గాలి ఎక్కించు పద్ధతియు ఆయనయే చెప్పెను. రోగికి కలుగు తలనొప్పియు వాంతులును దుర్భరములు. అయినను అర్ధశతాబ్దము ఆ పద్ధతియే నడిచెను.

1927లో పోర్చుగల్ దేశస్థుడగు ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళములలోనికి మందు ఎక్కించి, ఆ నాళములను ఎక్స్‌రేలో చూపెను. ఇది గొప్ప మేలు చేసినది. కాని అదే మోనిజ్ 1935లో మనోవ్యాధిగ్రస్తుల మెదడు ముందుభాగపు తంతువులను తెగగొట్టు శస్త్రచికిత్సను ఆరంభించెను. దానికి 1949లో నోబెల్ బహుమానమును పొందెను. ఆ చికిత్సవలన అనేకులు తమ సహజమైన చురుకుదనమును, స్వభావమును కోల్పోయిరి. 1950 తరువాత మనోవ్యాధులకు మందులు వచ్చినకొలది ఆ శస్త్రచికిత్స వెనుకబడెను. మెదడులో రక్తము పారు దారులను చూపగలిగినవాడు మనస్సు చెడు కారణమును తెలిసినవాడు కానక్కరలేదని ఈ ఒక్క మనుష్యుని చరిత్రయే మనకు బోధించుచున్నది.

జర్మనీలో హాన్స్ బెర్గర్ అను మనోవైద్యుడు మెదడునుండి వెలువడు సూక్ష్మమైన విద్యుత్తును తలమీదనుండియే 1924లో నమోదుచేసి, 1929లో ప్రకటించెను. దీనినే మనము ఇ.ఇ.జి. అనుచున్నాము. ఇది చిత్రము కాదు, గీతల వరుస. మూర్ఛవ్యాధి పరీక్షలో దీని స్థానము నేటికిని చెక్కుచెదరలేదు.

అసలు మార్పు 1971లో వచ్చినది. ఇంగ్లండులో గ్రామఫోను రికార్డులకు పేరుపొందిన ఇ.ఎం.ఐ. సంస్థలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అను ఇంజనీరు ఉండెను. ఆయన వైద్యుడు కాడు. ఎక్స్‌కిరణములను తల చుట్టును అనేక కోణములనుండి పంపి, అవతలికి వచ్చిన కిరణముల బలమును కంప్యూటరుచే లెక్కవేయించి, లోపలి పదార్థపు పటమును గీయవచ్చునని ఆయన యోచన. 1971 అక్టోబరు 1న లండను సమీపమున వింబుల్డనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక స్త్రీకి ఆ యంత్రముతో పరీక్ష జరిగెను. మెదడు ముందుభాగమున గడ్డ ఉన్నదని వైద్యులు అనుమానించిరి. చిత్రమున ఆ గడ్డ స్పష్టముగా కనబడెను. గుమ్మడికాయను కోయకయే లోపలి చక్రములను వరుసగా చూచినట్లు, పుర్రె తెరవకయే మెదడును పొరలుపొరలుగా చూచు విద్య అప్పుడు పుట్టినది. అదే సి.టి. స్కాను. హౌన్స్‌ఫీల్డ్‌నకును, లెక్కల సూత్రములను ముందుగనే చెప్పిన అలన్ కార్మాక్‌నకును 1979లో నోబెల్ బహుమానము లభించెను.

పిదప ఎం.ఆర్.ఐ. వచ్చెను. దీనిలో ఎక్స్‌కిరణములు లేవు. బలమైన అయస్కాంతమును, రేడియో తరంగములను ఉపయోగించి, దేహమందలి నీటిలోని హైడ్రోజను అణువులనుండి వచ్చు సంకేతమును పట్టి చిత్రము గీయుదురు. 1973లో పాల్ లాటర్‌బర్ మొదటి చిత్రమును ప్రకటించెను. ఆయనకును, ఇంగ్లండువాడగు పీటర్ మాన్స్‌ఫీల్డ్‌నకును 2003లో నోబెల్ బహుమానము దక్కెను. మెదడులోని చిన్న మార్పులను సి.టి. కంటె ఎం.ఆర్.ఐ. మిన్నగా చూపును.

ఇంతవరకు జయగాథయే. ఇక, చిత్రమును చదువుటలో కలుగు పొరపాటునకు మన దేశముననే జరిగిన ఉదాహరణ మొకటి కలదు. మూర్ఛ గల ప్రతి కుటుంబమును దానిని తెలిసికొనదగును.

సి.టి. యంత్రములు మన దేశమునకు వచ్చిన తరువాత, మూర్ఛతో వచ్చు రోగులలో అనేకుల మెదడు పటమున ఒకే ఒక చిన్న ఉంగరము వంటి మచ్చ కనబడసాగెను. మన దేశమున క్షయ ఎక్కువ. క్షయవలన మెదడులో గడ్డలు కలుగుట వైద్యులెరిగినదే. కనుక ఆ ఉంగరమును క్షయగడ్డయని తలచి, నెలలకొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు మించి, క్షయమందులు ఇచ్చుచు వచ్చిరి. కొందరికి శస్త్రచికిత్సయు జరిగెను. మందుల పిమ్మట మరల స్కాను తీసినచో మచ్చ మాయమై యుండెడిది. క్షయమందు పనిచేసినదని అందరును సంతసించిరి. కాని క్షయమందు ఇయ్యక, మూర్ఛమాత్రలు మాత్రమే ఇచ్చిన రోగులలోను ఆ మచ్చ మాయమగుట కొందరు వైద్యులు గమనించిరి. మందు లేకయే పోవు గడ్డ క్షయగడ్డ ఎట్లగును?

ఈ ప్రశ్నను పట్టుకొని పరిశోధించినవారు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు. చిత్తూరునకు చేరువనున్న ఆ ఆసుపత్రి తెలుగు రోగులకు చిరపరిచితము. మాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్ మొదలగువారు కొందరు రోగుల మెదడునుండి ఆ మచ్చలను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. 1989లో లాన్సెట్ పత్రికలో ఫలితమును ప్రకటించిరి. వానిలో పెక్కు క్షయగడ్డలు కావని, పంది బద్దెపురుగు పిల్లదశలో మెదడున చేరి చచ్చునప్పుడు దాని చుట్టు ఏర్పడు చిన్న బుడిపెలని తేలినది. 1993లో ఆ బృందమువారే ఈ రెంటిని వేరుపరచు లక్షణములను చెప్పిరి. మచ్చ ఒక్కటియే యుండి, 20 మిల్లీమీటర్ల లోపల నుండి, అంచు సమముగా నుండి, మెదడును ప్రక్కకు నెట్టకయున్నచో, అట్లే రోగికి తల లోపలి ఒత్తిడి లక్షణములుగాని, నానాటికి హెచ్చు బలహీనతగాని లేనిచో, అది చాలవరకు పురుగు బుడిపెయే.

పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. యంత్రము తప్పు చెప్పలేదు. మచ్చ ఉన్నదని చెప్పెను, అది నిజమే. అది ఏ మచ్చ అనునది మాత్రము యంత్రము చెప్పలేదు. ఆ భాగమును మనుష్యులు తమకు తెలిసిన అనుభవముతో నింపుకొనిరి. సత్యము బయటపడుటకు మరల సూక్ష్మదర్శినియు, రోగి స్థితిని దినదినము చూచు ఓర్పును కావలసివచ్చెను. వారి లక్షణముల పట్టికలోను సగము చిత్రమునుండి వచ్చినది, సగము రోగిని చూచి, అడిగి తెలిసికొన్నది.

ప్రసంగవశమున మరియొక మాట. పంది మాంసము తినని ఇండ్లలోను ఈ పురుగు మెదడునకు చేరగలదు. బద్దెపురుగు గల మనుష్యుని మలమునుండి గ్రుడ్లు నేలకును, నీటికిని, కూరగాయలకును, చేతులకును సోకి నోటిలోనికి పోవును. కనుక శాకాహారులము, మాకీ జబ్బు రాదని ధైర్యపడుట తగదు. మరుగుదొడ్డి వాడుక, చేతులు కడుగుకొనుట, పచ్చి కూరలను మంచినీట కడుగుట, ఇవియే మన గ్రామములలో దీనికి నిజమైన అడ్డుకట్టలు.

ఇక రెండవ నమ్మకమును చూతము. స్కానులో ఏమియు లేకున్న జబ్బు లేదా? మూర్ఛరోగులలో అనేకులకు సి.టి.గాని, ఎం.ఆర్.ఐ.గాని ఏ దోషమును చూపదు. మూర్ఛ మెదడు విద్యుత్తు క్షణకాలము అదుపు తప్పుటవలన కలుగునది. ఇల్లు చెక్కుచెదరకయే యున్నను తీగలో నిప్పురవ్వ పుట్టవచ్చును గదా! ఇ.ఇ.జి. కూడ మూర్ఛ లేని వేళ తీసినచో సరిగనే ఉండవచ్చును. అందుచేత నేటికిని మూర్ఛను నిర్ణయించుటలో మొదటి ఆధారము, పడిపోయినప్పుడు ప్రక్కనున్నవారు చెప్పు వృత్తాంతమే. ఏ చేయి మొదట కొట్టుకొనెను, కన్నులు ఎటు తిరిగెను, ఎన్ని నిమిషములుండెను, తెలివి వచ్చిన తరువాత రోగి ఎట్లుండెను అను వివరములు తల్లి చెప్పగలదు, యంత్రము చెప్పలేదు. స్కాను బాగున్నదని విని మాత్రలు మానివేయుట, లేక బిడ్డ వేషము వేయుచున్నదని అదలించుట, రెండును ఆ బిడ్డకు హాని చేయునవే. వైద్యుడు చెప్పక మూర్ఛమాత్రలు హఠాత్తుగా ఆపినచో మూర్ఛలు మరింత తీవ్రమై ప్రాణాపాయము కలుగవచ్చును.

ఇందు మన ఆడబిడ్డల బ్రతుకు ఇమిడియున్నది. 1976లో హిందూ వివాహ చట్టమును సవరించినప్పుడు, మాటిమాటికి వచ్చు మూర్ఛను ఉన్మాదముతోపాటు వివాహమునకు అడ్డంకిగా చేర్చిరి. 1999లో మూర్ఛ అను మాటను ఆ చట్టమునుండి తొలగించిరి. చట్టము తొలగించినను సంబంధములు చూచువేళ ఆ భయము తొలగలేదు. కొందరు స్కాను పటమును దాతురు. కొందరు మచ్చ లేని పటమును చూపి మూర్ఛయే లేదందురు. ఈ రెండును మంచివి కావు. మందుతో అదుపులోనుండు మూర్ఛను ఉన్నది ఉన్నట్లు చెప్పి, వైద్యుని మాటను ఇరువైపులవారు వినుటయే మర్యాద.

మనోవ్యాధుల సంగతి మరింత సూక్ష్మము. 1976లో ఇంగ్లండులో ఈవ్ జాన్‌స్టన్ మొదలగువారు సి.టి. సహాయమున, చిరకాలము స్కిజోఫ్రేనియాతో బాధపడువారి మెదడు గదులు ఇతరుల గదులకంటె సగటున పెద్దవిగా నున్నవని చూపిరి. ఉన్మాదమునకు దేహమున ఆనవాలు ఉన్నదని ఆనాడు గట్టిగా తెలిసినది. తల్లిదండ్రుల పెంపకపు దోషమనియు, కర్మమనియు నిందలుపడిన కుటుంబములకు అది ఊరట. కాని సగటు వేరు, ఒక్క మనుష్యుడు వేరు. ధర్మాబాదు పాఠశాల పిల్లలకంటె కర్ఖేలి పిల్లలు సగటున అరంగుళము పొడవని లెక్క తేలినను, ఒక పిల్లవాని పొడవు చూచి వాడే ఊరివాడో చెప్పగలమా? అట్లే, నేటికిని ఒక్క స్కాను చూచి స్కిజోఫ్రేనియా, విషాదరోగము మొదలగువానిని నిర్ణయించు పద్ధతి లేదు. అట్టి రోగులకు స్కాను తీయించుట మెదడులో గడ్డవంటి మరియొక కారణము లేదని తెలిసికొనుటకే.

1990లో జపాను శాస్త్రజ్ఞుడు సేయిజి ఒగావా మరియొక మార్గము చూపెను. మెదడున పనిచేయు భాగమునకు రక్తము హెచ్చుగా పోవును. ఆ రక్తములోని ప్రాణవాయువు మార్పును ఎం.ఆర్.ఐ. పట్టగలదు. ఎర్రని, పసుపుపచ్చని మచ్చలతో పత్రికలలో మనము చూచు రంగుచిత్రములు ఈ విధమైనవే. ఆ రంగులు ఆలోచనలు కావు. అవి రక్తపు రాకపోకల లెక్కకు కంప్యూటరు వేసిన రంగులు. ఆ రక్తపు మార్పు మెదడు పనికి కొన్ని సెకండ్లు వెనుకబడి వచ్చును. మనుష్యుని మెదడున సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవని 2009లో లెక్క తేలినది. చిత్రములోని ఒక్కొక్క చుక్కలో లక్షలకొలది కణములు ఇమిడియుండును.

ఆ 2009లోనే అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్ మొదలగువారు బజారున కొన్న చచ్చిన చేపను ఆ యంత్రమున పెట్టి, మనుష్యుల చిత్రములను దానికి చూపిరి. లెక్కలలో తగిన జాగ్రత్త తీసికొననిచో, ఆ చచ్చిన చేప మెదడున సైతము కొన్ని చుక్కలు వెలిగినట్లు కనబడెను. వేలకొలది చుక్కలను ఒక్కసారి పరీక్షించినచో కొన్ని కేవలము యాదృచ్ఛికముగనే వెలుగును. ఇది హాస్యమువలె నున్నను గొప్ప హెచ్చరిక. మెదడు చిత్రములకును మనుష్యుల గుణములకును గల సంబంధములు నమ్మదగినట్లు తేలవలెనన్న వేలమందిని పరీక్షింపవలెనని 2022లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనయు తెలిపెను.

వృద్ధులగు మావంటివారు భయపడు మతిమరుపు వ్యాధి విషయమును ఇట్టిదే. అల్జీమర్ వ్యాధిలో మెదడున పేరుకొను పదార్థమును బ్రతికియున్నవారిలో చూపు పద్ధతి 2004లో వెలువడెను. కాని జ్ఞాపకము చెడని వృద్ధులలోను కొందరి మెదడున ఆ పదార్థము కనబడుచున్నది. వ్యాధి ఆనవాలు వేరు, వ్యాధి బాధ వేరు అని మరల తేలినది.

కచేరీ కాగితములు చూచినవారికి దీనిని తెలియజెప్పుట సులభము. నక్షా చూచిన పొలపు హద్దు తెలియును. నిజాము కాలపు పహాణీగాని, నేటి సాత్‌బారాగాని చూచిన సాగుచేయువాడు, వేసిన పైరు తెలియును. అన్నదమ్ములు ఆ పొలము కొరకు ఏల మాటలాడుకొనకయున్నారో ఆ రెంటిలోను ఉండదు. అందుకు వారి ఇంటికి పోయి అడుగవలసినదే. స్కాను మెదడునకు నక్షా. నక్షా అక్కరలేదని ఎవడును అనడు. నక్షాయే పొలమనువాడు పొరబడును.

ఇట్లనుటచే యంత్రములను చులకన చేయుట మా ఉద్దేశము కాదు. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు, మెదడున గడ్డ అనుమానమున్నప్పుడు, ముఖ్యముగా పక్షవాతము వచ్చినప్పుడు స్కాను ప్రాణదాత. నోరు వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడినచో మర్దన తైలముకొరకు వెదుకక వెంటనే స్కాను గల ఆసుపత్రికి చేర్పవలెను. రక్తస్రావమా, నాళము మూసికొనుటయా అనునది సి.టి. నిమిషములలో చెప్పును. నాళము మూసికొన్నచో గడ్డను కరగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటల లోపల ఇయ్యవలెను. ఇందును ఒక హద్దు కలదు. మొదటి గంటలలో నాళము మూసికొన్న గుర్తు సి.టి.లో కనబడకపోవచ్చును. అప్పుడు రక్తము లేదనుటయే ఆ చిత్రము చెప్పు శుభవార్త. పక్షవాతము లేదనుట కాదు.

నాందేడున 1988లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. జాల్నాకుగాని, ఎర్రగడ్డకుగాని పోవుట తప్ప గత్యంతరము లేని దినములు గడచినవి. కావున మన కుటుంబములకు మేము చేయు విన్నపము ఇంతియే. వైద్యుడు అవసరమన్నప్పుడు స్కాను తీయింపుడు. ఆయన అక్కరలేదన్నప్పుడు ధనము వెచ్చించి తీయింపుమని ఒత్తిడి చేయకుడు. పాత పటములను, మందుచీటీలను పారవేయక ఒక సంచిలో భద్రపరుపుడు. మూర్ఛ వచ్చినప్పుడు రోగిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు, నోటిలో ఏమియు పెట్టకుడు, అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి చేర్పుడు. అన్నింటికంటె ముఖ్యముగా, ఒక చిన్న పుస్తకమున తేదీ, వేళ, జరిగిన తీరు తెలుగులోగాని మరాఠీలోగాని వ్రాసియుంచుడు. పటముతోపాటు ఆ పుస్తకమును వైద్యుని ముందుంచినప్పుడే ఆయనకు మీ బిడ్డ జబ్బు పూర్తిగా అర్థమగును.